లేత్ మీద కోసిన క్లారినెట్

బెంగళూరులో బ్యాండు వాయిద్యాలు అమ్మే అంగడి అది. పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే అతను కూతురి క్లారినెట్‌ను సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాడు.

“దీన్ని ఎవరప్పా కోసింది?” అన్నాడు అంగడాయన.

“నేనే అన్నా. కాలేజీ బ్యాండులో చిన్న క్లారినెట్, ఈ-ఫ్లాట్ అంట, తెచ్చుకోమన్నారు పాపను. రేపే సెలక్షన్. కొత్తది కొనే శక్తి నాకు లేదు. అది దీనికన్నా పొట్టి, అంతే కదా అని పైనా కిందా కోసి పొడుగు తగ్గించినా. నువ్వు కొంచెం శ్రుతి సరిచేసియ్యి.”

“పొడుగు తగ్గితే చాలదప్పా. రంధ్రాలు కూడా దగ్గర కావల్ల. ఇప్పుడిది ఈ-ఫ్లాటూ కాదు, ముందుండేదీ కాదు.”

“కోసిన ముక్కలు ఉండాయి. అతికిస్తే?”

“అతికినా పలకదు.”

“పాత ఈ-ఫ్లాట్ ఏమన్నా ఉండాదా? నెలనెలా కట్టుకుంటా.”

“కొత్తదే అరుదు, పాతది యాడ దొరుకుతుంది? అది సరే, పాప దీన్ని ఊది చూసిందా?”

“పొద్దున ఊదింది.”

“ఏమనింది?”

అతను క్లారినెట్‌ను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

“బాగుంది నాయనా, అనింది. చానా బాగుందనింది.”