మడిగట్టు మీద విచారణ: శ్రీ షేక్ దాదాపీర్ గారికి అభినందన

1972 జూన్ పన్నెండవ తేదీన, వన్ టౌన్ నుండి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, శ్రీ షేక్ దాదాపీర్ గారు మా వ్యవసాయ మార్కెట్ కమిటీ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరారు. ఆనాడు ఖాళీ కుర్చీ లేనందున కొన్నాళ్లు తూకం రాయి మీదే కూర్చుని పనిచేశారు. ఆ రాయి పూర్తిగా అరిగిపోయిందనే వారి మాట నమ్మవద్దు. సగమే అరిగింది, నేను చూశాను.

1994లో సూపరింటెండెంటు పదవిని అలంకరించిన పిదప, పాలకవర్గ నియామకాల బాధ్యత వారి భుజాన పడింది. మార్కెట్ కమిటీ సభ్యులను ఎవరూ ఓట్లేసి ఎన్నుకోరు; పేర్లు పైనుంచి వస్తాయి, ప్రభుత్వం నియమిస్తుంది. ఆ పేరుగల వ్యక్తి నిజంగా సేద్యం చేస్తున్నాడో లేదో విచారించి నివేదించడం మా వంతు. దాదాపీర్ గారు ఎవరి ఇంటికీ వెళ్లేవారు కారు. "అరుగు మీద అందరూ రైతులేనండీ, మడిలో దిగితే తెలుస్తుంది" అని, ఊళ్లో మనిషి ఇల్లు గాక అతని చేను ఎక్కడో అడిగి, నేరుగా అక్కడికే నడిచేవారు.

1998 సెప్టెంబరులో రైవస్ కాలవ కింద ఎల్లారావు అనే చిన్నరైతును విచారించడానికి వారి వెంట నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. నేను కాలవగట్టు మీద బీడీ ముట్టించుకుని నిలబడ్డాను. వారు పైరులోకి దిగి, తలాడిస్తూ, నవ్వుతూ చాలాసేపు మాట్లాడారు. అవతలి మనిషి నాకు కనబడలేదు. గట్టు మీద చతికిలబడి ఉంటాడనుకున్నాను. కొంగలు మాత్రం ఆ మడిలో వాలకుండా చుట్టూ తిరిగిపోయాయి.

తిరిగివస్తూ వారన్నారు: "మంచి రైతండీ. తనకు వద్దట, ఇంటావిడ పేరు రాయమంటాడు. దక్షిణపు మూల గట్టు కింద ఎండ్రకాయ బొరియ ఉందిట, పూడ్చమని ఆవిడకు చెప్పమన్నాడు."

పైనుంచి వచ్చిన పేరు మార్చే వీలు మాకు లేనందున, ఆ నెలాఖరుకే నియామకపు ఉత్తర్వు ఎల్లారావు పేరునే వచ్చింది. ప్రమాణ స్వీకారం నాడు ఎల్లారావు పేరు పిలిస్తే, వెనకనుంచి ఆయన భార్య నాగమల్లేశ్వరి గారు లేచారు.

"ఆయన పోయి ఏడాది కావస్తోందండీ."

దాదాపీర్ గారు మెల్లగా అడిగారు: "ఆయన ఎడమకాలు కొంచెం ఈడుస్తారా తల్లీ? పార పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంటుందా?"

"ఆ పార ఆయన పోయినరోజే కాలవలో పారేశామండీ."

చనిపోయినవాణ్ణి విచారించానని నివేదించినందుకు వారి ఉద్యోగానికే ముప్పు వచ్చింది. సెక్రటరీగారు బతిమాలారు: "అసలు వెళ్లలేదని రాసిచ్చెయ్యవయ్యా, ఒక ఇంక్రిమెంటు కోతతో పోతుంది. వెళ్లానంటే ఇంటికి పంపేస్తారు."

"వెళ్లినవాణ్ణి వెళ్లలేదని ఎలా రాయనండీ?" అన్నారు వీరు. ఇంట్లో శ్రీమతి అన్వరీ గారు అన్నం ముట్టకపోయినా, మాట మార్చలేదు.

విచారణాధికారి నన్నూ అడిగారు: "ఆ మనిషిని నువ్వు చూశావా?"

"దాదాపీర్ గారిని చూశానండి. ఎవరికో జవాబు చెప్పడం చూశాను."

అంతలో నాగమల్లేశ్వరి గారు మోకాళ్లదాకా బురదతోనే లోపలికి వచ్చారు. "సార్, ఈ ఏడు ఆ మడిలో నీరు నిలవకపోతే ఎంత వెతికినా కారణం తెలియలేదు. మొన్న సభ అయ్యాక ఈయన చెప్పిన దక్షిణపు మూల తవ్వితే చెయ్యిపట్టేంత బొరియ! ఎవరూ చెప్పకపోతే ఈయనకెలా తెలుస్తుందండీ?"

అధికారి ఆ బురద వంక చూసి, కాగితాలు మూసేశారు. దాదాపీర్ గారి ఉద్యోగం నిలిచింది. ఖాళీ అయిన స్థానానికి వారు ఎవరి పేరు పంపారో వేరే చెప్పాలా? నాగమల్లేశ్వరి గారు పదవీకాలమంతా ఆ కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వీరు, ఇకపై పింఛను కోసం ఏటా నవంబరులో ట్రెజరీకి వెళ్లి, తాము బతికే ఉన్నామని రుజువు చూపవలసి ఉంటుంది. అయ్యా, తమరు అన్వరీ గారితో సహా సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు, మీ కాళ్ల మీదే నడిచివెళ్లి ఆ రుజువు చూపుదురుగాక. అక్కడి గుమాస్తాకు నాదొక్కటే మనవి: మాట్లాడాడు గదా అని సంతకం పెట్టెయ్యకు నాయనా, నేల మీద నీడ పడుతోందో లేదో కూడా చూసుకో.