యోనా సర్ కొలిచిన రంగు తొట్టి

యోనా సర్ గురించా? కూసో బిడ్డా. ఫోన్ల రికార్డు పెట్టుకుంటవా, పెట్టుకో. శ్రావణి అన్నవ్ గదా పేరు? పుణెల సర్ మీదనే పీహెచ్‌డీ చేస్తున్నవా! బర్, మంచిదే, ఆయన బాప్టిస్టుల మీద చేసిండు, నువ్వు ఆయన మీద చేస్తున్నవ్, రేపు నీ మీద ఇంకెవరో చేస్తరు. మా మగ్గం కన్నా మీదే నయం, పోగు తెగదు. ఆయనది ఈ ఊరి భవాని పేట్. తండ్రి పవర్‌లూం మీద చాదర్లు నేసిండు, ఈయన బెంగళూరు పోయి చర్చి చరిత్ర చదివిండు. చరిత్ర అంటే ఎంత అనుకున్నవ్? ఒక్కటే ముచ్చట. బాప్తిస్మం అప్పుడు మనిషిని నీళ్లల్ల పూరా ముంచిన్రా, నెత్తి మీద చిలకరించిన్రా? బాప్టిస్టులకు ముంచుడే ఖరా, చిలకరిస్తే చెల్లదు. దీని మీద పదకొండేండ్లు, ఆరు వందల పేజీలు! రంగు అద్దెటోన్ని, నన్నడిగితే పదకొండు నిమిషాలు చాలు. నూలు మీద నీళ్లు చల్లితే రంగు పడ్తదా? ముంచాలె. అయిపాయె.

ఎనభై మూడుల మా దాజీ పేట్ ఇంటికొచ్చిండు. వందేండ్ల కింద ఈ గల్లీల కొందరు నేతోళ్లు బాప్టిస్టులల్ల కలిసిన్రట. ఇక్కడ తాగనీకే నీళ్లు లేవు, మరి దేన్ల ముంచిన్రు? ఆయన గైడు, సన్నటి గొంతు, 'మిస్టర్ యోనా, తొట్టి లేనిదే డాక్టరేటు లేదు' అన్నడట. మా పెరట్ల రంగు తొట్టి చూసి సర్ టేపు తీసిండు. లోతు రెండడుగుల నాలుగించులు. మొఖం చిన్నబోయింది. 'ఎల్లయ్య గారూ, దయచేసి ఒక్కసారి ఇందులో వెల్లకిలా పడుకుంటారా?' పడుకున్న. లేచేసరికి చెవుల దాక నీలం! ఎనిమిది దినాలు మా సావిత్రి పక్కకు రానియ్యలే. సర్ మాత్రం రాసుకుండు, 'సంపూర్ణ నిమజ్జనము సాధ్యమే.' మల్ల అడిగిండు, 'మీ తాతగారు చిన్నప్పుడు బాప్తిస్మం చూసింది ఈ తొట్టిలోనేనా?' రెండుసార్లు యాదికి లేదన్న. మూడోసారి ఆ మొఖం చూసి 'ఔ సర్, దీన్లనే' అన్న. డాక్టరయిండు, ప్రొఫెసరయిండు, తొట్టి ఫోటో పుస్తకం అట్ట మీదికెక్కింది. చిలకరించెటోళ్ల పండితుడొకడు 'ఆ తొట్టికి ఎన్ని బిందెల నీళ్లు?' అని నలభై పేజీల జవాబు రాసిండు. తొట్టి ఎవడు కట్టిండని ఒక్కడడగలే.

మా నాయిన కట్టిండు బిడ్డా. అరవై ఒకటిల. తడి సిమెంటు మీద వేలితోని ఆ ఏడాది అంకెలు రాసిండు, అడుగున. అప్పటికి తాత పోయి పన్నెండేండ్లు. తాత చిన్న రాగి డేగిశాల రంగు అద్దెటోడు, దాన్ల మనిషి కాదు, పిల్లి కూడ మునగదు. అందుకే సావిత్రి తొట్టిల బీడీ ఆకు తడుపుకుంటనంటే సరే అన్న. అడుగు కనబడొద్దని నలభై ఏండ్ల సంది నీళ్లు ఖాళీ కానియ్యలే. సర్ ప్రతి క్రిస్మస్‌కు కేకు తెచ్చేటోడు. చెప్పుదమనుకుంటే నోట్ల కేకుండే. పోయి పదేండ్లాయె. ముంచుడు మీద అంత చదివినాయన, తనను ఎవడు ముంచిండో తెల్వకనే పోయిండు.

ఏంది, రికార్డు బంద్ చేస్తివి? నీ మూడో అధ్యాయం మొత్తం ఈ తొట్టి మీదనేనా? సోమవారం ఇయ్యాలెనా? 'ఇది ఎవరికీ చెప్పొద్దు తాతా' అంటవా! ఆయనా ఇట్లనే చూసిండు బిడ్డా, నా దిక్కు. సావిత్రీ, ఆకు పక్కకు తియ్యి, తొట్టి నీళ్లు వదిలెయ్యి. మొత్తం. రా బిడ్డా, ఫోను మల్ల పెట్టు. వంగు. కనబడుతుందా? గట్టిగ చదువు.