మీట తిప్పితే చాలు

"పానా పట్టుకుని బోల్టు విప్పడం, ఆయిల్ మోచేతిదాకా కారడం, అదంతా పాతకాలం బావా. మా కారు ఇంజిన్ అడుగున బోల్టు తీసేసి ఇవాళ పొద్దున నా చేత్తో వాల్వ్ బిగించాను. చిన్న మీట. ఇటు తిప్పితే పాత ఆయిల్ దిగుతుంది, అటు తిప్పితే ఆగుతుంది. అంతే!"

గుమ్మం మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ అతను చెబుతుంటే, ఎదురింటి టాక్సీ డ్రైవరు వింటున్నాడు. నర్సు యూనిఫాంలో ఉన్న భార్య బ్యాగు తగిలించుకుని చెయ్యి చాపింది.

"తాళాలు ఇవ్వండి. ఇవాళ కూడా ఆలస్యమైతే పిల్లల వార్డులోంచి తీసేస్తామన్నారు."

"ఇస్తానే బాబూ, అసలు కథ ఇంకా రాలేదు."

"ఒరేయ్, నా వేలికి ఈ దారం దేనికిరా?" అంది కుర్చీలోంచి అతని తల్లి.

"ఏ మాత్రలో గుర్తుండటానికి కట్టుకునుంటావు. నీ మతిమరుపుతో చంపకమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా బావా? మీట తిప్పానో లేదో, ఆయిల్ 'ఎక్కడ పడమంటారండీ' అని అడిగినట్టు తిన్నగా బేసిన్లో పడింది. నా చొక్కా మీద చుక్క ఉంటే ఒట్టు. ఆ సంగతి తెలిసి వీధి చివరిదాకా కార్లు లైను కట్టాయి. అందులో ఒకాయన ఓడ కెప్టెన్."

"ఇక్కడ సముద్రమే లేదు కదా?"

"అందుకే కార్లో వచ్చాడు! ఆయిల్ మార్చాలంటే ప్రతిసారీ ఓడను బోర్లా తిప్పాల్సి వస్తోందని ఒకటే ఏడుపు. ఎలా బిగించాలో ఫోన్లో చెప్పేశాను. అది విని విమానాల వాళ్లు వెంటపడ్డారు, గాల్లో ఉండగానే మార్చుకుంటారట."

"అయితే కింద మేం గొడుగులేసుకుని తిరగాలన్నమాట."

"ఈ దారం మాత్రలకి కాదురా," అని తల్లి గొణిగింది.

ఇక లాభం లేదని భార్య అతని జేబులోంచి తాళాలు లాక్కుని కారెక్కింది. అతను గొంతు పెంచాడు.

"అసలు వింత విను బావా! పాత ఆయిల్ తారులా దిగింది కదా, పైనుంచి కొత్త డబ్బా మొత్తం పోశాను. కాసేపాగి వంగి చూస్తే బేసిన్లోకి ఇంకా దిగుతోంది. ఈసారి తేనెలా, బంగారంలా! పాత ఆయిల్‌ని కూడా కడిగి పంపిస్తోంది నా వాల్వ్! ఏ మెకానిక్కు..."

"అమ్మాయ్, ఆగు! స్టార్ట్ చెయ్యకు!" తల్లి కుర్చీలోంచి చటుక్కున లేచింది. "గుర్తొచ్చిందిరా! ఈ దారం నువ్వే కట్టావు. 'కొత్త ఆయిల్ పోసేముందు మీట మూయమని గుర్తుచెయ్యమ్మా' అన్నావు. మూశావా?"

అతను టీ గ్లాసులోకి చూశాడు. డ్రైవరు కారు కిందికి వంగి చూసి లేచాడు.

"తెరిచే ఉంది. నువ్వు పోసిందంతా బేసిన్లోనే ఉంది. చుక్క ఆయిల్ లేకుండా స్టార్ట్ చేసుంటే ఇంజిన్ పట్టేసి పాడైపోయేది."

భార్య కారు దిగి, తాళాలు మొగుడి ఒళ్లో పడేసింది.

"అన్నయ్యా, మీ టాక్సీ ఖాళీయేనా?"

"ఎక్కమ్మా. నాది బోల్టు బండే, భయం లేదు."

టాక్సీ మలుపు తిరిగాక తల్లి మెల్లగా వేలి దారం విప్పి, కొడుకు వేలికి గట్టిగా ముడేసింది.

"ఇది దేనికమ్మా?"

"మతిమరుపు నాకని అన్నావు కదా. ఆ మాట గుర్తుండటానికి."