ఏటి ఇసుకను గేటు దాటనివ్వని మేస్త్రీగారు

1988 జూన్ 6న మా బ్లాస్టింగ్ షాపులో సహాయకులుగా చేరిన మేస్త్రీగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి వెనకే చేరినవాణ్ణి గనుక మన కంపెనీ పత్రిక సంచికకు ఈ నాలుగు మాటలు రాయమని సంపాదకులు నన్ను ఆదేశించారు. చదువు మధ్యలో మానేసినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

ఆ రోజుల్లో ఇనుప పలకల మీది తుప్పును, గాలి ఒత్తిడితో గన్‌లోంచి చిమ్మే ఏటి ఇసుకతోనే కొట్టేవాళ్లం. ముక్కుకు తడిగుడ్డే కవచం. ప్రాణం తీసేది ఆ గుడ్డకు చిక్కని, కంటికి ఆనని దుమ్మేనని మాకు చెప్పిన మహానుభావుడు లేడు. తమకు ఈ ఉద్యోగం వేయించిన సొంత బావగారు నడివయసులోనే దగ్గి దగ్గి మంచం పట్టాక మేస్త్రీగారికి ఆ సంగతి ఆసుపత్రిలో తెలిసింది. మేస్త్రీ అయిన వెంటనే ఇసుక మానిపించి, ఊపిరితిత్తుల్ని తినేసే సిలికా దాదాపు లేని గార్నెట్ రాతి రవ్వను పట్టుబట్టి తెప్పించారు. గన్ పట్టేవారికి గొట్టంతో మంచి గాలి అందే టోపీలు, రవ్వ ఊడ్చేవారికి ముఖానికి అతుక్కునే మాస్కులు వారి చలవే.

గడ్డాలు, గుబురు మీసాలు ఉంటే మాస్కు సందుల్లోంచి దుమ్ము దూరుతుందని, గీయించుకొని రమ్మన్నారు. "ముందు మీ బుగ్గమీసాల సంగతి చూడండి గురూగారూ!" అన్నాడు పెయింటరు. మేస్త్రీగారు భోజనాల వేళ బయటికి వెళ్లి నున్నగా తిరిగొచ్చారు. సాయంత్రం ఇంటి తలుపు తీసిన వారి శ్రీమతి, మా వదినగారు, "ఆయనింకా రాలేదండీ, కూర్చోండి" అన్నారట.

ఒకసారి గార్నెట్ అందలేదు, ట్యాంకు అప్పగించాల్సిన గడువేమో ముంచుకొచ్చింది. పైవారు ఏటి ఇసుక లారీ పిలిపించారు.

"ఒక్కరోజుకేగా మేస్త్రీ, కొంపలేం మునగవు," అన్నారు మేనేజరుగారు.

"అయితే ఆ ఒక్కరోజూ గన్ మీరు పట్టండి సార్. నేను మీ కుర్చీలో కూర్చుంటా."

లారీ వెనుదిరిగింది. ఆ ఏడు వారికి రావలసిన సూపర్‌వైజరు పదవి మరొకరికి వెళ్లింది. ఆ తర్వాతా రాలేదు. ఈ వాక్యం సంచికలో వద్దన్నారు సంపాదకులు. చేసిన పనిని పొగిడి, దానికి చెల్లించిన మూల్యాన్ని దాచడం నాకు చేతకాదు.

గార్నెట్ వచ్చాక చేరినవారి ఎక్స్‌రేలు తేటగా ఉన్నాయి. ఏటి ఇసుక నాటివాళ్లం ఆయనా నేనూ మిగిలాం. మా ఇద్దరి ఎక్స్‌రేల్లోనూ మచ్చలున్నాయి. కనుక మర్యాద కోసం కాదు, నిజంగానే కోరుతున్నాను: ఆ మచ్చలు ఉన్నచోటే ఆగిపోవాలని, మేస్త్రీగారు తమ మూడో అంతస్తు ఇంటికి మెట్ల మధ్య ఎక్కడా ఆగకుండా చేరుకుంటూ, నిండు ఊపిరితో నిండు నూరేళ్లూ జీవించాలని.