దేముడమ్మ పేరు మీది కొట్టు

2019 ఫిబ్రవరి, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు. విశాఖ వెళ్లి అక్కడి నుంచి విమానంలో గల్ఫ్‌లోని అజ్మాన్ చేరాల్సిన అక్కాతమ్ముళ్లు దేముడమ్మ, అప్పలసూరి బస్సు కోసం కూర్చున్నారు.

"అదే అడగతన్నాను. ఒక్క సంతకానికి నన్నంత దూరం ఎందుకు తీసుకెల్తన్నావు, సూరీ?"

"సెప్పేను కదప్పా. అక్కడి ఎండు సేపల కొట్టు నీ పేరు మీద ఉన్నాది. మూసీమని నువ్వే రాసివ్వాల. రాసిచ్చీసి నాలుగు రోజుల్లో తిరిగొచ్చీడమే."

"నాలుగు రోజులేనా?"

"మహా అయితే వారం."

"మరి నాకు వొచ్చీదానికి టిక్కెట్టు నేదేటి?"

"ఎవులు సెప్పేరు నేదని?"

"కాయితం నా సంచిలోనే ఉన్నాది కదరా. ఎల్లీదానికే ఉన్నాది. ఆడిటరు మోహనకృష్ణ గారికి సూపించేను."

"ఆడిటరు దగ్గరికెందుకెల్లేవు? ఇంటి సంగతి బైటోలికి సెప్పుకుంటామేటి?"

"ఇంటి సంగతైతే ఇంట్లో నాకు సెప్పాల కదా. అక్కడి పన్నులాఫీసోలు పంపిన నోటీసు నీ పెట్టెలో దాసుకున్నావు. నీ పెళ్లామే తెచ్చిచ్చింది. మీ తమ్ముడి పెట్టెలో దొరికింది వదినా, పేరు సూస్తే నీదున్నాది అన్నాది."

"దుర్గకేటి తెలుసు."

"దానికేటీ తెల్దు. నాకూ తెల్దు. అందుకే సదివించుకున్నాను. ఆ దేశంలో పన్ను నేదన్నావు కదేటి?"

"నేదప్పా. నాను కొట్టెట్టినప్పుడు నిజంగానే నేదు. నాలుగేళ్లు దమ్మిడీ కట్టనేదు. నిరుడు జనవరిలో కొత్తగా తెచ్చేరు, నూటికి అయిదు. ఆలు అరబ్బీలో ఏటేటో రాసుకుంటే మనకెలగ తెలుస్తాది?"

"తెల్దా?"

"తెల్దు."

"తెలీనోడివి, ఆ జనవరి నుంచే బిల్లు మీద అయిదెలగ ఏసేవు?"

"పక్క కొట్లోలు ఏస్తన్నారు. నానూ ఏసేను."

"ఏసి ఎవులికిచ్చేవు?"

"బస్సొచ్చీ టైమయింది. నీలు తాగుతావా?"

"నీలొద్దు. ఆడిటరు నాకు సిన్నపిల్లకి సెప్పినట్టు సెప్పేడు. మన జీఎస్టీ లాటిదేనమ్మా, కొనీవోడి దగ్గర పట్టుకున్న ఆ అయిదూ కొట్టుది కాదు, సర్కారుది, గడువు ప్రకారం లెక్కసెప్పి కట్టీయాల అన్నాడు. అంత అమ్మకం ఉన్న కొట్టు ముందుగా ఆఫీసులో పేరు రాయించుకోవాలంట. నువ్వు పేరూ రాయించనేదు, డబ్బూ కట్టనేదు. పన్ను అని సెప్పి ఏడాది పొడుగునా జనం దగ్గర పట్టుకొని తినీసేవు."

"నానొక్కణ్నే తిన్నానా? నీ ఇంటికి స్లాబెవులు ఏయించేరు?"

"అది లాభం అనుకున్నాన్రా. సర్కారోలి డబ్బని తెలిస్తే తాటాకుల కిందే ఉందును."

"తప్పు నీదీ ఉన్నాది. అక్కడున్న రెండు నెల్లూ ఏటి సేసేవు? మన రేవు కాడ అమ్మినట్టు కుప్పలెట్టి, కుప్ప ఇంత అని అమ్మేవు. తూకం నేదు, బిల్లు నేదు. అడిగినోడికి కొసరొకటి. లెక్కలు అడిగితే సూపించడానికి కాయితమేదీ?"

"నానున్నది ముందటేడు దసరా ఎల్లినాక రెండు నెల్లు. అప్పటికింకా ఆ పన్నే రానేదు. నేరం నా కుప్పల మీదికి తొయ్యకు."

"తొయ్యతన్నానా ఏటి, మాటకన్నాను."

"ఆ రెండు నెలల్లోనే నన్ను సర్కారు కాయితాలు రాసిపెట్టీ టైపింగ్ సెంటరుకి తీసుకెల్లేవు."

"నీ మంచికే."

"ఏటన్నావో నాకు గుర్తున్నాది. మనిళ్లల్లో మగోడు సేపలేటకెల్తాడు, అమ్మకం ఆడదానిది, డబ్బు దాని కొంగునే ఉంటాది. అమ్మ అలగే నడిపింది, అప్పా నువ్వూ అలగే నడిపేవు, ఇక్కడ మాత్రం కొట్టు నా పేరు మీదెందుకు, నీ పేరు మీదే ఉండాల అన్నావు. సదవలేని కాయితాల మీద ఆరు సంతకాలు ఎట్టేను. ఊరొచ్చి ఇంటింటికీ ఎల్లి సెప్పుకున్నాను, మా తమ్ముడు నన్నింత దాన్ని సేసేడని."

"అబద్ధమేటి? మన పద్ధతి అదే కదా."

"పద్ధతే. అందుకే నమ్మేను. ఇంకోలు అంటే ఎందుకని అడుగుదును. సూరీ, ఒక్కటి సెప్పు. పన్నొస్తాదని నీకప్పటికే తెలుసా?"

"జనం అనుకునీవోలు."

"తెలుసా, తెల్దా?"

"తెలుసు."

"కట్టకపోతే పేరున్నోలికి జరిమానా పడతాదని?"

"తెలుసప్పా. మొగుడు పోయిన ఆడదాన్ని ఏటీ సెయ్యరనుకున్నాను."

"అందుకా నా పేరు."

"అలగ అనకు. నాకు నువ్వు కాక ఎవులున్నారు?"

"ఆడిటరు ఇంకోటి కూడా అన్నాడు. ఆ దేశంలో దిగితే, పన్నూ జరిమానా కలిపి మన డబ్బుల్లో పదిహేను లక్షలు కట్టీదాకా నన్ను తిరిగి విమానం ఎక్కనివ్వకపోవచ్చంట. అదీ తెలుసా?"

"నానుంటాను కదా. నువ్వు బతిమాలుకుంటే తగ్గిస్తారు. మిగిలింది మెల్లగా తీర్సుకుందుము."

"అంటే తెలుసు. తెలిసే ఒకేపు టిక్కెట్టు కొన్నావు. సూరీ, అమ్మ మంచాన పడినప్పుడు నిన్ను సంకనేసుకొని రేవు కాడ సేపలమ్మేను. ఒక సేత్తో నిన్ను పట్టుకొని ఒక సేత్తో అమ్మేను. నాను రాను. అదిగో బస్సొచ్చింది, నువ్వెల్లు."

"సరే. రాకు."

"అంత బేగి సరే అన్నావేటి?"

"నిన్ను మోసుకెల్లలేను కదా. ఆ కొట్టు పోతే పోనీ. షార్జాలో వేరేది తీస్తన్నాను."

"ఎవుల పేరు మీద?"

"బస్సు కదిలిపోతాది, సెయ్యి వొగ్గు."

"వొగ్గను. ఎవుల పేరు మీద తీస్తన్నావు?"

"నీ కూతురి పేరు మీద. నిన్న విజయనగరం ఎల్లి యమునని కాలేజీ హాస్టలు కాడ కలిసేను. నోటరీ కాడికి తీసుకెల్తే కాయితాలన్నిటి మీదా సంతకాలెట్టీసింది. ఎందుకని ఒక్క మాటా అడగనేదు. మా అమ్మకి నువ్వు సెప్పకు మావయ్యా, నానే సెప్తాను, సంబరపడతాది అన్నాది."