బొమ్మలో సచ్చిపోయిన మా అన్న

"అవ్వా, ఈ ఫోన్లో చూడు. ఈయన క్రికెట్ ఆడేవాడు, ఈయన సినిమా హీరో. ఇద్దరూ అచ్చం ఒకటే మాదిరి లేరా?"

యాడ, ఇట్ల దగ్గరికి పట్టు... అవును గదమ్మా! కవలపిల్లోల్ల మాదిరే ఉండారు. నువ్వు నగుతాండావు గానీ అమ్మణ్ణీ, నాకు ఒళ్ళు జలదరిస్తాండాది. మా ఇంట్లో ఇట్లాంటిదే ఒగటి జరిగిండె. నగే మాదిరిది కాదు అది.

మా అన్న నంజుండన్న, పైల్వాను. నీకు తెల్దులే, మీ అమ్మ గూడా చూడలే ఆయన్ని. బాగేపల్లి గరడిమనెలో, కుస్తీ నేర్పే ఆ మట్టిలోనే పెరిగినాడనుకో. కలిసిపోయిన కనుబొమ్మలు, ఎద్దు మెడ, నగితే ఎడమ బుగ్గన సొట్ట. మా నాయన పోయినంక అమ్మకి అన్నే లోకం. పొద్దున్నే పాలల్లో బాదం నూరి పోసేది. యుద్ధం కాలం గదా, అన్నీ పిరమే. మాకు రాగి సంగటి, అన్నకి బాదం.

ఆ ఏడు చింతామణిలో పెద్ద కుస్తీ పెట్టినారు. అన్నకి ఎదురు కోలారు ఖాదరు పైల్వాను, శానా పేరు ఆయనికి. గెలిచినోనికి వెండి కడియం. అన్న ముందుగానే చింతామణికి పోయినాడు. అప్పుడే మా ఊరికి టెంటు సినిమా వచ్చిండె. నేల టికెట్టు అణానో, రెండణాలో. మా అత్త... అత్త కాదు, పక్కింటి సుబ్బక్క, అమ్మని బలవంతం చేసి పిల్చుకోని పోయె. కొంగు పట్టుకోని నేనూ పోతి. అమ్మ అంతవరకూ సినిమా అనేది చూసిందే లేదు, చూడు.

బొమ్మ మొదులాయ. రాజు, రాణి, పాటలు. అమ్మ బాగనే చూస్తాండె. ఇంగ దళవాయి అని, రాజు సైన్యానికి పెద్ద, ఒగడు గుర్రం దిగి వచ్చినాడు. ఏం చెప్పేది అమ్మణ్ణీ! మా అన్నే! అదే కనుబొమ్మలు, అదే మెడ, నగినాడు చూడు, అదే సొట్ట! నా నోట్లో బొరుగులు నోట్లోనే ఉండిపాయ. "అయ్యో, మన నంజుండు గదే!" అనె సుబ్బక్క. అమ్మ రెప్ప గూడా వేయలే.

కడాకు ఆ రాజు కత్తి తీసి దళవాయి రొమ్ములో పొడిచె. వాడు మోకాళ్ళమింద కూలి, ఇట్ల చెయ్యి చాపి, పడిపాయ.

అమ్మ అరిసిన అరుపు ఇప్పుడు గూడా నా చెవుల్లో ఉండాది. తెర దగ్గరికి ఉరికి, ఆ గుడ్డని రెండు చేతులా పట్టుకోనె. సచ్చినోని ముఖం అమ్మ వీపుమింద పడతాండె. ఇంగ బొమ్మ ఆపేసిరి. "అది యాక్టరమ్మా, మద్రాసువాడు" అని టెంటు ఆయప్ప ఎంత చెప్పినా వినలే. ఎట్ల వింటాది చెప్పు? మా ఇంట్లో ఉండింది ఒగటే ఫోటో, మా తాత పోయినంక కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. "ఉన్నిందే గదప్పా ఫోటోలో పడేది? జరగంది యాడన్నా పడతాదా?" అనె అమ్మ.

తెల్లారితోనే బస్సెక్కినాం. అప్పుడు పెట్రోలు యాడిది? వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకోని నడిచేది, మిట్ట వస్తే మనమే దిగి తొయ్యల్ల. చింతామణి చేరేటప్పటికి పొద్దు వాలుతాండె. జనం, తమట డప్పుల మోత. మట్టిలో అన్నా ఖాదరు పైల్వానూ చేతులు కలిపి ఉండారు. అమ్మ జనాన్ని తోసుకోని మట్టిలోకి దిగేసె. ఆడోల్లు ఆ మట్టి తొక్కరాదమ్మా ఆ కాలంలో! అందరూ బిత్తరపోయిరి. తమటలు నిల్చిపాయ. అమ్మ అన్న రొమ్మంతా తడుముతాది, "యాడ పొడిచిరి నాయనా? యాడ?" అని.

అన్నకి సిగ్గు, కోపం. "పిచ్చి పట్టిందామ్మా నీకు?" అని అరిసినాడు. పెద్దమనుషులేమో మట్టి మైలాయ, నంజుండు ఓడినట్లే అనిరి. అప్పుడు ఖాదరు పైల్వాను వంగి అమ్మ కాళ్ళకి మొక్కె. "ఇట్లాంటి గెలుపు నాకొద్దప్పా. ఆ తల్లిని ముందు కూర్చోబెట్టండి" అని చెప్పి, తువ్వాలు భుజానేసుకోని నడిచిపాయ. కడియం ఎవరికీ ఇయ్యలే.

ఇంటికొచ్చినంక అన్న అమ్మతో మాటే లేదు. వీధిలో పిల్లోల్లంతా "దళవాయి! దళవాయి!" అని వెంటబడతాంటే తట్టుకోలేక, నన్ను పిల్చుకోని తానే టెంటుకి పోయినాడు. ఆ ముఖం తెరమింద కనపడితోనే అన్న చెయ్యి తన బుగ్గమిందికి పాయ. సొట్ట తడుముకుంటాండాడు. పొడిచేటప్పటికి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకోనెనంటే, నేను ఏడ్చేస్తి. చెమటలు కారిపోతాండె అంత పైల్వానుకి. బొమ్మ అయ్యేదాకా గూడా ఉండలే, లేసి బిరబిరా ఇంటికి నడిచినాడు. అమ్మ సంగటి కెలుకుతాండె. అన్న పోయి అమ్మ కాళ్ళు పట్టుకోనె. "నువ్వు చూసింది నేనూ చూసినానమ్మా" అనె. అమ్మ కెలికే కట్టె పక్కన పెట్టి, ఆయన తల నిమరతా ఉండిపాయ. సంగటి అడుగంటి కంపొచ్చినా లేయలే.

తర్వాత శానా కుస్తీలు ఆడినాడులే. ఖాదరు పైల్వాను అన్న పెండ్లికి గూడా వచ్చిండె, భోజనం చేసి పాయ. ఇంగ అన్న పోయినప్పుడు... తలెంట్రుకలు గూడా పూర్తిగా నెరవలేదమ్మా. కల్లంలో గుండె పట్టుకోని పడిపాయ. అందరూ ఏడుస్తాండిరి. నాకు ఒగటే నిమ్మళం, అమ్మ అప్పటికే పోయిండె. ఒగసారి చూసింది చాలు గదా ఆ తల్లికి.

ఏదీ, ఆ ఫోన్ ఇంగొకసారి చూపించు. బిడ్డలు బాగుండారు ఇద్దరూ. వాల్ల అమ్మలు యాడుండారో ఏమో... నిండా బతకనీ వాల్లు. నువ్వూ అంతే తల్లీ, నా ఆయుస్సు గూడా పోసుకోని...