మూసిపెట్టిన అంకె

మైపాడు నుంచి నెల్లూరు పోయే దారిలో రోడ్డు మీద నీళ్లు పొర్లుతున్నాయి. పరదాలు దించిన ఆటోలో ఉష, ఆమె పరిశోధన జట్టులో సీనియర్ అశోక్, డ్రైవర్ ఫ్రెడ్డీ చిక్కుకుపోయారు. ఉషకు వాన కంటే పక్కనున్న మనిషే భయంగా ఉన్నాడు.

“ఆ అయిదు నక్షత్రాలూ లెక్కలోంచి ఎందుకు తీసేసినావు ఉషా?”

“మసగ్గా ఉండాయని చెప్పినా గదన్నా. ఫ్రెడ్డీ, కొంచెం ముందుకు పోనీరాదా?”

“యాడికి పోనీయాలక్కా? రోడ్డేదో కాలవేదో తెలియకుండా ఉంటే! ఇంజిన్లోకి నీళ్లు పోతే ముగ్గురం ఈదాల్సిందే.”

“ఉషా, మొన్నటిదాకా లేని మసక ఇప్పుడెట్టొచ్చింది?”

“వచ్చిందిలే. సాయంత్రం మీటింగు, ఈడ సిగ్నలే లేదు...”

“సిగ్నల్ సంగతి నెల్లూరు పోయినాక చూద్దాం. మాట దాటెయ్యబాక.”

“ఏందన్నా ఈ నక్షత్రాల గొడవ?”

“విశ్వం ఎంత జోరుగా పెరగతా ఉండాదో లెక్కేస్తా ఉండాం ఫ్రెడ్డీ. మా జట్టును నడిపే సారు డెబ్బైమూడంటాడు. అవతలి జట్టు అరవైయేడంటారు. ఏళ్ల తరబడి కొట్లాట. అందుకే మా జవాబు మాకే కనపడకుండా కంప్యూటర్లో తాళమేసినాం. ఏ నక్షత్రాలు ఉంచాలో తేలినాక, ఈ సాయంత్రం మీటింగులో అందరి ముందరా తెరవాల. ముందే చూస్తే మనసు దాని వెంట పోతాది గదా.”

“పరీక్ష పేపర్లో పేరు కనపడకుండా మూసేస్తారే, అట్టా?”

“అట్టే. ఇప్పుడు చెప్పు ఉషా. చూసినావా?”

“ఏంది?”

“చూసినావా లేదా?”

“వాన పెద్దదయ్యేట్టుంది.”

“ఉషా!”

“చూసినా! చూసినానన్నా! ఆరేళ్ల చాకిరీ, ఏమొస్తాదోనని ఉండబట్టలేక చూసినా. అరవైయేడు! అది పట్టుకుని సారు ముందర నిలబడితే నా థీసిస్ కదలతాదా? భయమేసింది. ఆ అయిదూ పీకేస్తే డెబ్బై దాటింది.”

“సారు ఎప్పుడన్నా అట్టన్నాడా?”

“నోటితో అనాలా? అరవైయేడు మాటెత్తితే ఆయన ముఖం నువ్వు చూడలా?”

“మీటింగులో చెప్పెయ్.”

“చెప్తే జట్టులోంచి పంపిచ్చేస్తారు. చెప్పకపోతే బతికినన్నాళ్లూ ఆ అబద్ధం నా పేరు మీదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు నోరు మూసుకుంటే చాలన్నా, నీకు దణ్ణం పెడతా.”

“అక్కా, నీళ్లు తగ్గతా ఉండాయి. పోనిస్తా.”

“వద్దు! ఆగు ఫ్రెడ్డీ, కాసేపు ఆగు.”

“ఉషా, ఆ తాళం వేసింది ఎవురు?”

“నువ్వేగదా.”

“ఎవురో ఒకరు తొంగిచూస్తారని తెలిసే, తాళం వెనక మూడంకెలు పెట్టినా. రెండు ఉత్తుత్తివి, అసలుదాన్నే పెంచీ తగ్గించీ చేసినవి. దొంగగా తెరిస్తే ఆరు తగ్గించిందే కనపడతాది, నువ్వు చూసిన అరవైయేడు ఆ ఉత్తుత్తిది. ఆ అయిదు నక్షత్రాలూ ఉండంగా వచ్చిన అసలంకె, మన సారు చెప్పే డెబ్బైమూడే.”